530003ని విప్పి చూస్తే

విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పిన్‌కోడ్ 530003. దరఖాస్తు ఫారాల మీదా, కొరియర్ కవర్ల మీదా రాసి రాసి ఊళ్ళో చాలామందికి నోటికొచ్చేసిన నంబరిది. దీన్ని కాసేపు అడ్రసులోంచి బయటికి తీసి, ఐదు లక్షల ముప్పై వేల మూడు అనే మామూలు పూర్ణ సంఖ్యగా చూద్దాం. ఇది దేనితో నిశ్శేషంగా భాగం పోతుంది?

చివర 3 ఉంది కాబట్టి 2, 5 ఎక్కాల్లో రాదు. అంకెలన్నీ కూడితే 11, అంటే 3తోనూ పోదు. 7తో భాగిస్తే శేషం 5, 11తో 1, 13తో 6, 17తో 11, 19తో 17. ఇక్కడిదాకా వచ్చేసరికి ఓపిక అయిపోయి ఎవరైనా "ఇది ప్రధాన సంఖ్యే అయ్యుంటుంది" అనేస్తారు. చూడ్డానికి అలాగే ఉంటుంది కూడా. కానీ కాదు. 617ని 859తో హెచ్చవేస్తే సరిగ్గా 530003 వస్తుంది. ఆ 617, 859 మాత్రం ప్రధాన సంఖ్యలే. 1తోనూ, తమతో తామూ తప్ప మరి దేనితోనూ భాగం పోవు.

కాబట్టి ఏయూ పిన్‌కోడ్‌కి భాజకాలు నాలుగంటే నాలుగే: 1, 617, 859, 530003. డిజిటల్ సంతకాల భద్రత చాలావరకూ ఇలాంటి సంఖ్యల మీదే, అంటే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధాల మీదే నిలబడి ఉంది. గణితవేత్త మీనాక్షిసుందరం లెక్కలు చెప్పిన, గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు లెక్కల్లో ఎమ్మే చదివిన క్యాంపస్ కదా, తపాలా శాఖ వెతికి మరీ ఇచ్చిందేమో అనిపిస్తుంది. తపాలా శాఖకి ఈ గొడవేమీ లేదు. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్‌కోడ్ పద్ధతిలో మొదటి అంకె దేశంలోని ప్రాంతానిది. మొదటి మూడూ కలిపితే ఉత్తరాలు విడదీసే జిల్లా. చివరి మూడు, బట్వాడా చేసే పోస్టాఫీసువి. పిన్‌కోడ్‌లని ఎవరూ కూడరు, హెచ్చవెయ్యరు. అవి సంఖ్యల వేషంలో ఉన్న చిరునామాలు. వాటిని నిజంగానే సంఖ్యలుగా చూస్తే ఏమవుతుందన్నదే ఇక్కడి విషయం.

పక్కపక్కనే ఉన్నా పొంతన లేదు

ద్వారకానగర్ 530016. ఎంవీపీ కాలనీ 530017. ఒకదానికి ఒకటి కలిపితే రెండోది. పైకి చూస్తే ఒక్క అంకే తేడా. లోపల చూస్తే ఒకదానికొకటి ఏమీ కావు.

530016ని 2తో భాగిస్తూ పోతే ఐదుసార్లు పోతుంది, తర్వాత ఒకసారి 3తో పోతుంది, చివరికి 5521 అనే ప్రధాన సంఖ్య దగ్గర ఆగుతుంది. దీనికి మొత్తం 24 భాజకాలు. తనని మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే 861528 వస్తుంది, అంటే ముక్కల మొత్తం అసలు సంఖ్య కన్నా ఎక్కువ. పక్కనున్న 530017కి భాజకాలు రెండే, 1, తను. అది ప్రధాన సంఖ్య. ఆ మాట ధైర్యంగా చెప్పాలంటే 728 లోపు ఉన్న 129 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి, ఒక్కటీ పోలేదని తేల్చుకోవాలి. 728 దగ్గరే ఎందుకు ఆగొచ్చంటే, 728 వర్గం 529984. ఒక సంఖ్య రెండు ముక్కలైతే అందులో ఒక ముక్క తప్పనిసరిగా వర్గమూలం లోపే ఉండాలి. రెండూ దాన్ని దాటితే లబ్ధం అసలు సంఖ్యని మించిపోతుంది.

గాజువాక 530026. ఇది 2 × 7 × 17 × 17 × 131. గోపాలపట్నం 530027, మళ్ళీ ప్రధాన సంఖ్య. ఉక్కునగరం 530032. దీన్ని పదహారు సమ భాగాలు చేస్తే ఒక్కోటి 33127, అది మళ్ళీ 157 × 211. సింహాచలం 530028లో 4 ఉంది, 9 ఉంది, వాటి పక్కన 14723 అనే పెద్ద ప్రధాన సంఖ్య ఉంది. ఈ ముక్కల్లో ఏ ఒక్కటైనా పిన్‌కోడ్‌ని చూసి ఊహించగలిగేలా ఉందా? 2, 3, 5 తప్ప మిగతావేవీ ముఖం మీద కనబడవు.

ఇంత అస్తవ్యస్తంగా ఉన్నా గుంపుగా చూస్తే మాత్రం ఒక క్రమం ఉంది. 530001 నుంచి 530049 దాకా వరసగా పరీక్షిస్తే ప్రధాన సంఖ్యలు నాలుగు తేలతాయి: 530017, 530021, 530027, 530041. చివరిది మధురవాడ వైపుది. ఒక పెద్ద సంఖ్య చుట్టుపక్కల ప్రధాన సంఖ్యలు ఎంత ఒత్తుగా ఉంటాయో ఆ సంఖ్య సహజ సంవర్గమానం (నేచురల్ లాగరిథమ్) చెబుతుంది. 530000కి అది సుమారు 13.18. అంటే సగటున పదమూడింటికి ఒకటి. 49ని 13.18తో భాగిస్తే 3.7. మనకి దొరికినవి నాలుగు. ఈ లెక్కని కుర్రతనంలోనే జర్మన్ గణితవేత్త గౌస్ పసిగట్టాడు. నిరూపణ మాత్రం 1896 దాకా రాలేదు. ఆ ఏడాది హదమార్, ద లా వల్లీ పుస్సాన్ ఎవరికి వారు విడివిడిగా సాధించారు. ఏది ప్రధాన సంఖ్య అవుతుందో ముందుగా చెప్పలేం, ఎన్ని అవుతాయో మాత్రం దాదాపుగా చెప్పగలం. సంఖ్యా సిద్ధాంతంలో నాకు ఇప్పటికీ వింతగా తోచేది ఇదే.

ఎంవీపీ కాలనీ నంబరు దగ్గర ఇంకో నిమిషం ఆగాలి. 4తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రతి ప్రధాన సంఖ్యనీ రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చని, అదీ ఒకే ఒక్క విధంగా రాయొచ్చని ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా 1640లో అన్నాడు. నూరేళ్ళు దాటాక ఆయిలర్ దాన్ని నిరూపించాడు. 530017ని 4తో భాగిస్తే శేషం 1. మరి ఆ వర్గాలేవి? 464 వర్గం 215296, 561 వర్గం 314721. కూడి చూడండి. ఇక గోపాలపట్నం 530027కి శేషం 3 వస్తుంది, కాబట్టి ఎంత వెతికినా అలాంటి జత దొరకదు. ఏయూ 530003కి కూడా అంతే. ఈ 561ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అది వేరే పనిమీద వస్తుంది.

ఫ్యాన్సీ నంబర్ల సంగతి

మన జిల్లాకి ఏపీ 31 సిరీస్ ఉన్న రోజుల నుంచీ బండి నంబరు 9999 కోసం వేలంలో పోటీ పడేవాళ్ళున్నారు. నాలుగు తొమ్మిదులూ కూడితే 36, మళ్ళీ కూడితే 9, అదృష్టం అంటారు. సంఖ్యగా చూస్తే 9999 సాదాసీదా సరుకు: 9 × 11 × 101. నాలుగంకెల్లో అన్నిటికన్నా పెద్ద ప్రధాన సంఖ్య 9973. దానికి ఎవరూ పైసా ఎక్కువ పెట్టరు. లెక్కలు తెలిసినవాళ్ళకి చవగ్గా దొరికే ఫ్యాన్సీ నంబరు అదే అని నా ఉద్దేశం.

ఈ తేడా సరదా కోసం చెప్పడం లేదు. అంకెల వరస, అంకెల మొత్తం, ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా ఉండడం, ఇవన్నీ మనం పదేసి చొప్పున లెక్కపెట్టడం వల్ల పుట్టిన లక్షణాలు. 530003నే కంప్యూటర్ వాళ్ళు వాడే, పదహారేసి చొప్పున లెక్కపెట్టే పదహారు అంకెల పద్ధతిలో రాస్తే 81653 అవుతుంది. రెండేసి చొప్పున లెక్కపెట్టే రెండంకెల పద్ధతిలో అయితే 10000001011001010011. మూడు సున్నాల అందం ఎటు పోయిందో తెలీదు. కానీ ఏ పద్ధతిలో రాసినా అది రెండే ప్రధాన సంఖ్యల లబ్ధం. ఆ గుణం రాతది కాదు, సంఖ్యది.

పైరూపం అప్పుడప్పుడూ లోపలి మాటని బయటపెడుతుంది, కాదనను. అంకెల మొత్తం 3తో పోతే సంఖ్యా 3తో పోతుంది, ఎందుకంటే 10ని 3తో భాగిస్తే 1 మిగులుతుంది. 530035 లాగ ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే ఆరంకెల సంఖ్య ఏదైనా సరే 11తో పోతుంది. 530035 అంటే 5 × 11 × 23 × 419. కానీ ఇలాంటి సూచనలు చిన్న కారణాంకాల వరకే. 617 దాకా చూపించే చిట్కా ఏదీ అంకెల్లో ఉండదు.

విప్పే దారులు

మరి 617ని ఎలా పట్టుకోవాలి? మొండి దారి ఒకటుంది. 2, 3, 5, 7 అంటూ ప్రధాన సంఖ్యలన్నిటితో వరసగా భాగించుకుంటూ పోవడం. ప్రధాన సంఖ్యల వరసలో 617ది 113వ స్థానం. అంటే 112 సార్లు భంగపడ్డాక 113వ సారి పని అవుతుంది. కాలిక్యులేటర్ ఉంటే టీ చల్లారేలోపు అయిపోతుంది గానీ, అది తెలివైన దారి కాదు.

ఫెర్మాదే ఇంకో దారి. రెండు వర్గాల భేదాన్ని లబ్ధంగా రాయొచ్చని తొమ్మిదో తరగతిలో అందరం చదివాం. దాన్ని తిరగేస్తే సరిపోతుంది. 530003 కన్నా కాస్త పెద్ద వర్గం తీసుకుని, అందులోంచి 530003ని తీసెయ్యాలి. మిగిలింది కూడా పరిపూర్ణ వర్గం అయితే పని అయిపోయినట్టే. వర్గమూలం 728 దాటింది కాబట్టి 729 నుంచి మొదలుపెడదాం. 729 వర్గం 531441, తీసేస్తే 1438. 37 వర్గం 1369, 38 వర్గం 1444, మధ్యలో పడింది, కాదు. 730తో 2897, అదీ కాదు. 731 దగ్గర ఆశపెడుతుంది: మిగిలింది 4358, 66 వర్గం 4356. రెండే రెండు తేడా, అయినా తేడా తేడానే. 732తో 5821, 733తో 7286, 734తో 8753, ఏదీ వర్గం కాదు. 735తో 10222, 101 వర్గం కన్నా 21 ఎక్కువ. 736తో 11693, 737తో 13166. 738 వర్గం 544644. తీసేస్తే 14641. అది 121 వర్గం!

అంటే 530003 = 738² − 121². 738లోంచి 121 తీస్తే 617, కలిపితే 859. భాగాహారంతో 113 సార్లు పట్టే పని ఇక్కడ పదో ప్రయత్నంలో తేలిపోయింది. కారణం 617, 859 మరీ దూరంగా లేకపోవడమే. రెండు ముక్కలూ వర్గమూలానికి ఎంత దగ్గరగా ఉంటే ఈ పద్ధతి అంత తొందరగా పట్టేస్తుంది. అందుకే రహస్య సంకేతాలు తయారు చేసేటప్పుడు తీసుకునే రెండు ప్రధాన సంఖ్యలూ ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉండకూడదని నియమం పెట్టుకుంటారు.

ఇక్కడే చాలామంది కలిపేసుకునే రెండు ప్రశ్నలని విడదీయాలి. "ఇది విడిపోయే సంఖ్యేనా?" అన్నది ఒకటి. "ఏ ముక్కలుగా విడిపోతుంది?" అన్నది ఇంకొకటి. రెండోదానికి జవాబు తెలీకుండానే మొదటిదానికి జవాబు చెప్పేయొచ్చు. కొబ్బరికాయని పగలగొట్టకుండా చెవి దగ్గర ఊపి లోపల నీళ్ళున్నాయో లేదో చెప్పినట్టు.

ఆ ఊపే పద్ధతి కూడా ఫెర్మా చెప్పిన సూత్రంలోదే. ఒక ప్రధాన సంఖ్య (2 కాకుండా) తీసుకుని, 2ని దానికన్నా ఒకటి తక్కువ సార్లు హెచ్చవేసి, వచ్చినదాన్ని ఆ ప్రధాన సంఖ్యతో భాగిస్తే శేషం ఎప్పుడూ 1 రావాలి. 530003 ప్రధాన సంఖ్య అయితే, 2కి 530002 ఘాతం వేసి భాగిస్తే 1 మిగలాలి. అంత పెద్ద ఘాతం ఎవరు కడతారని భయపడక్కర్లేదు. ప్రతి మెట్టులోనూ వర్గం చేసి, వెంటనే 530003తో భాగించి శేషం మాత్రమే ఉంచుకుంటూ పోతే 19 వర్గాలూ, మధ్యలో కొన్నిసార్లు రెట్టింపు చెయ్యడమూ, అంతే. చేసి చూస్తే మిగిలేది 375556. 1 కాదు. కాబట్టి 530003 ప్రధాన సంఖ్య కాదని ఏ అనుమానం లేకుండా తేలిపోయింది. కానీ 617 గురించి గానీ 859 గురించి గానీ ఈ 375556 పెదవి విప్పదు.

ఈ పరీక్షలో ఒక లొసుగుంది, 561 వచ్చేది అక్కడే. 561 అంటే 3 × 11 × 17, ప్రధాన సంఖ్య కానే కాదు. అయినా ఫెర్మా పరీక్షలో దర్జాగా పాసైపోతుంది. 2 బదులు 5 పెట్టినా, 7 పెట్టినా, 561తో ఉమ్మడి కారణాంకం లేని ఏ సంఖ్య పెట్టినా శేషం 1 వస్తుంది. ఇలాంటి దొంగ సంఖ్యలకి కార్మైకేల్ సంఖ్యలని పేరు, 561 వాటిలో అన్నిటికన్నా చిన్నది. అందుకే ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఇంకాస్త గట్టిదైన మిల్లర్-రాబిన్ పరీక్ష వాడతారు. అదృష్టం మీద ఆధారపడకుండా, ఏ నిరూపణకాని ఊహనీ అరువు తెచ్చుకోకుండా, ఎంత పెద్ద సంఖ్యకైనా సమంజసమైన వేగంతో ప్రధాన సంఖ్యో కాదో తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనిపెట్టారు. మొదటి ప్రశ్న ఆ రకంగా తీరిపోయింది. రెండో ప్రశ్నకి అంత వేగమైన దారి మామూలు కంప్యూటర్లకి ఇంతవరకూ దొరకలేదు.

దొరకకపోవడమే మంచిదైంది

రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ 1977లో ఆ కష్టాన్నే తాళంగా మార్చారు. వాళ్ళ పేర్లలోని మొదటి అక్షరాలతో దాన్ని ఆర్‌ఎస్‌ఏ అంటారు. మన 530003తోనే బుల్లి తాళం ఒకటి చేసి చూద్దాం.

అందరికీ రెండు సంఖ్యలు చెప్పేస్తాం: 530003, 5. మాకు రహస్యం పంపాలనుకున్నవాళ్ళు తమ సంఖ్యకి 5వ ఘాతం కట్టి, 530003తో భాగించి, శేషం పంపితే చాలు. ఉదాహరణకి పాత జిల్లా సిరీస్ 31నే పంపాలనుకోండి. 31కి 5వ ఘాతం 28629151. 530003తో 54 సార్లు పోగా మిగిలేది 8989. (తాళం వేస్తే ఫ్యాన్సీ నంబరు వచ్చింది, ఏం చేస్తాం.) దారిలో ఎవరైనా 8989 చూసినా, అది దేనికి తాళమో తెలీదు.

విప్పాలంటే 617, 859 తెలిసి ఉండాలి. వాటిలోంచి ఒక్కోటి తీసి 616ని 858తో హెచ్చవేస్తే 528528. ఇప్పుడు 5తో హెచ్చవేసి 528528తో భాగిస్తే శేషం 1 మిగిలే సంఖ్య కావాలి. అది 317117. 5 రెట్లు చేస్తే 1585585, అంటే మూడు 528528లూ పైన 1. 8989కి 317117వ ఘాతం కట్టి 530003తో భాగిస్తే మళ్ళీ 31 బయటికొస్తుంది. ఆయిలర్ సిద్ధాంతం అందుకు పూచీ. తాళం వేసే 5 ఊరందరికీ తెలుసు. తీసే 317117 మాత్రం 528528 తెలిసినవాళ్ళకే. 528528 తెలియాలంటే 530003ని విప్పగలగాలి.

మనం పది ప్రయత్నాల్లో విప్పేశాం కాబట్టి ఇది బొమ్మ తాళమే. అసలువి వేరు. ద్వారకానగర్‌లో ఏ ఆడిటర్ ఆఫీసుకి వెళ్ళినా కంపెనీ ఫైలింగుల కోసం, టెండర్ల కోసం పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో డిజిటల్ సంతకం పెట్టుకుని ఉంటారు. అందులో ఎక్కువగా ఉండేది 2048 బిట్ల (అంటే రెండంకెల పద్ధతిలో 2048 అంకెల) ఆర్‌ఎస్‌ఏ. లోపల సూత్రం 530003దే, కాకపోతే ఒక్కో ప్రధాన సంఖ్యకీ మూడొందల పైచిలుకు అంకెలుంటాయి.

ఎంతవరకూ విప్పగలిగారంటే, 1977లో సవాలుగా ఇచ్చిన 129 అంకెల సంఖ్యని 1994లో ఇంటర్నెట్ ద్వారా చేతులు కలిపిన సుమారు 600 మంది విప్పారు. 2020 ఫిబ్రవరిలో 250 అంకెల సంఖ్య విడిపోయింది. ఒకే కోర్ ఉన్న కంప్యూటర్ మీద చేసి ఉంటే సుమారు 2700 ఏళ్ళు పట్టే పని అది. క్వాంటమ్ కంప్యూటర్లు తగినంత పెద్దవి వస్తే కథ మారుతుంది. పీటర్ షోర్ 1994లోనే వాటికోసం విప్పే పద్ధతి రాసిపెట్టాడు. అయితే దాన్ని ఇంత పెద్ద సంఖ్యల మీద నడిపే యంత్రం ఇంకా తయారవలేదు.

సవాళ్ళ జాబితాలో అన్నిటికన్నా పెద్దది ఆర్‌ఎస్‌ఏ-2048. దాన్ని ఇంతవరకూ ఎవరూ విప్పలేదు. మనం మామూలుగా రాసే పద్ధతిలో దానికి 617 అంకెలు. అవును, ఏయూ పిన్‌కోడ్‌లో దొరికిన ఆ 617నే. ఇందులో ఏదో ఉందని ఎవరైనా జాతకం చెప్పబోతే నమ్మకండి. అదే ఆర్‌ఎస్‌ఏ-2048ని పదహారు అంకెల పద్ధతిలో రాస్తే 512 అంకెలే అవుతుంది. 530003ని మాత్రం ఏ పద్ధతిలో రాసుకున్నా, 859 మంది చొప్పున వరసలు కడితే 617 వరసలే వస్తాయి.